పుర్రె బొమ్మ డబ్బా

యూనివర్సిటీ గేటు దగ్గర కాపలావాడు ఆ డబ్బాను లోపలికి పోనివ్వడం లేదు.

తుప్పు పట్టిన రేకు డబ్బా. మీద సగం చెరిగిన పుర్రె బొమ్మ. లోపల కాస్త మట్టి, జానెడు మొక్క, దానికి రెండు ఊదా పూలు.

"పురుగుమందు డబ్బాలా ఉంది మేడమ్. లోపల ఏం పెట్టుకొచ్చాడో ఏమో!" అన్నాడు, అప్పుడే వచ్చిన ప్రొఫెసరమ్మతో.

"మొక్కేగా, బాంబు కాదుగా! రానివ్వు," అని నవ్విందావిడ.

డబ్బా తెచ్చిన పెద్దాయన నవ్వలేదు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. మిగతా మూడింటితోనే డబ్బాను పొట్టకు అదుముకున్నాడు.

"ఈ పువ్వు కోసం మీరు కొండలన్నీ తిరుగుతున్నారని విన్నానమ్మా. ఇది కొండది. చూసి, పనికొస్తే ఎక్కడైనా బతికించండి. నా దగ్గర ఇంకోటి లేదు."

ఆ పువ్వు వెనక ప్రొఫెసరమ్మ సగం జీవితం పోయింది. మైదానాల్లో రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంట ఎక్కడ పడితే అక్కడ పూసేదే. కాకపోతే వాటన్నిటికీ కణానికి ముప్పై రెండు క్రోమోజోములు. పదహారే ఉన్న తల్లి మొక్క నుంచి, అవి రెట్టింపై, ఇవన్నీ పుట్టి ఉండాలి. ఆ తల్లి ఏదో ఒక కొండ మీద ఇంకా బతికే ఉంటుందని ఆవిడ నమ్మకం. గదిలో మ్యాపు నిండా గుండుసూదులు, ఎక్కిన కొండకల్లా ఒకటి. ఎక్కడా దొరకలేదు. వచ్చే నెలలో రిటైర్మెంటు.

తల్లికీ పిల్లకూ పైకి తేడా ఏమీ ఉండదు. వేరు కొస కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద నొక్కి, మైక్రోస్కోపులో లెక్కపెడితేనే తెలుస్తుంది.

"కంటితో చూసి తేల్చేసేవాళ్ళు నా క్లాసుకు రావద్దు," అని ఏటా మొదటి రోజే చెబుతుందావిడ.

ఆ రోజు మాత్రం కంటితోనే చూసింది. మొక్కనూ చూసింది, డబ్బానూ చూసింది, అరిగిన చెప్పులనూ చూసింది.

"ఇది రోడ్డు పక్కదే బాబాయ్. ఇలాంటివి చాలామంది తెస్తారు."

"వేరు కోసి ఏవో లెక్కపెడతారటగా, ఒక్కసారి చూడండమ్మా. వచ్చే వారం వస్తా."

మొహమాటానికి ఉంచుకుంది. మర్నాడు ప్రాక్టికల్ క్లాసులో పిల్లలకు కోయడానికి మొక్కల వేళ్ళు చాలకపోతే డబ్బాను అక్కడికి పంపించింది.

"మేడమ్, నాకు పదహారే వస్తున్నాయి," అంది ఒకమ్మాయి.

"గట్టిగా నొక్కేసి ఉంటావు. కణం చితికి సగం పోయుంటాయి. ఇంకో వేరు తీసుకో."

"మళ్ళీ పదహారే మేడమ్."

"అది చెయ్యా, రోకలా? ఇంకోటి తీసుకో!"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని ఇంకోటి కోసింది. పక్కవాళ్ళూ కోశారు.

అందరికీ పదహారే వచ్చాక గానీ ప్రొఫెసరమ్మ కుర్చీలోంచి లేవలేదు.

మైక్రోస్కోపు దగ్గర వంగి లెక్కపెట్టింది. కన్ను తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. పదహారు.

"మొక్కేది?" అని అరిచింది.

బల్ల మీద ఉంది. ఒక్క వేరు లేదు, కాడ వాలిపోయింది. ఆవిడ దాన్ని నీళ్ళలో పెట్టింది, ఇసుకలో గుచ్చింది, తడిగుడ్డ చుట్టింది. వారం తిరక్కుండానే నల్లబడిపోయింది.

పోతే పోయింది, చోటు తెలిస్తే చాలు. ఆ కొండ మీద ఇంకా ఎన్నో ఉంటాయి కదా! ఆ ఒక్క ఆశతో గేటు వైపే చూస్తూ కూర్చుంది. పెద్దాయన కనబడగానే వయసు మరిచిపోయి పరుగెత్తింది, వాకిట మెట్ల మీద ఎదురుపడింది.

"బాబాయ్, ఆ కొండ ఎక్కడ? ఇప్పుడే వెళదాం, కారు తీయిస్తా!"

ఆయన కదల్లేదు. ఆవిడ కాళ్ళ కింది మెట్టు వైపు చూశాడు. కొత్త భవనానికి వేయించిన నున్నటి నల్లరాయి అది.

"మీరు నిలబడింది దాని మీదేనమ్మా."

"అంటే?"

"కొండంతా రాయిగా అమ్ముడైపోయింది. ఇప్పుడక్కడ గొయ్యి ఉంది, అంతే."

ఆవిడ గబుక్కున మెట్టు దిగింది.

"ఇంతకీ నా మొక్క బాగుందా అమ్మా?"

ఆవిడ లోపలికి వెళ్ళి ఖాళీ డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. బావురుమంది.

పెద్దాయన డబ్బాలోకి చూశాడు.

"ఊరుకోండమ్మా, మిమ్మల్ని అనడానికి నేనేమంత పుణ్యాత్ముణ్ణని," అన్నాడు, పుర్రె బొమ్మను బొటనవేలితో తుడుస్తూ. "ఆ కొండకు మందు కూరిందీ, వత్తి అంటించిందీ నేనే, ఆ రోజు మందు ఖాళీ అయిన ఈ డబ్బాలో దీన్నొక్కదాన్నే కిందికి దించగలిగాను."