సంతకం

హోటల్ వంటింట్లో పుట్టిన ప్రతి మాట పుట్టుపూర్వోత్తరాలూ తనకే తెలుసని వంట మాస్టర్ గొప్ప. కొత్తగా చేరిన సర్వరమ్మాయికి పాఠం మొదలెట్టాడు.

"తిరిగొచ్చిన ప్లేటుని 'అల్లుడు' అంటాం. ఏం పెట్టినా అలుగుతాడు కాబట్టి!"

"మరి ఉప్పెక్కువైతే 'సంతకం' అంటారెందుకు?"

"అది నాకంటే ముందునుంచీ ఉందమ్మా," అన్నాడు, కూరలో మళ్లీ ఉప్పేస్తూ.

గిన్నెలు తోమే అక్క తలెత్తింది. "ముందా? నువ్వు చేరిన రోజే రెండుసార్లు ఉప్పేసి, అడిగితే 'నా చేతి సంతకం' అని మీసం మెలేశావుగా!"

ఇరవై ఏళ్లుగా ఆ మాటతో అందర్నీ తిట్టింది మాస్టరే. అతని చెయ్యి అలవాటుగా ఉప్పు డబ్బాలోకి వెళ్లింది.

"అక్కా, ఇందాక వేశానా?"

"ఇది మూడోసారి."

మాస్టర్ కూర రుచి చూశాడు. మొహం చిట్లించి, హాల్లోకి తనే కేకేశాడు.

"సంతకం పడిందిరోయ్!"