పసుపు తేలిన గొట్టం

...అయినా ఆయాసమే లేనప్పుడు జబ్బెక్కడిది, అని మళ్లీ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు పరాంకుశం. ఊపిరితిత్తులు మార్పించుకుని నాలుగేళ్లయింది. అలాంటివాళ్లు రోజూ పళ్లు తోముకోగానే కొత్త గొట్టంలో ఊది, గోడమీది పెట్టెకు చూపించాలి; అది రంగు చూసి ఆసుపత్రికి పంపుతుంది. ఒళ్లు ఆ తిత్తుల్ని వద్దనబోతుంటే ఏడాది ముందే గొట్టం పసుపుపచ్చగా మారుతుంది. అప్పుడే మందులు మొదలుపెడితే ఆపవచ్చు.

మళ్లీ ఆ మంచం, ఆ సూదులు! సోమవారం పసుపు తేలిన గొట్టాన్ని చెత్తబుట్టలో పడేశాడు. అప్పట్నుంచీ భార్య వైదేహి చేత ఊదించి పెట్టెకు చూపిస్తున్నాడు.

"మీ రంగు బావుందని డాక్టరమ్మ తెగ మెచ్చుకుందండీ," అంది వైదేహి, ఇంకా ఊదని ఇవాళ్టి గొట్టం పట్టుకుని. "నా ఊపిరి చూపించి మీరెన్నాళ్లు బతుకుతారు?"

ఆ గొంతులో కోపం లేదు. అలసటే ఉంది.

పరాంకుశం ఆమె చేతిలోని గొట్టం తీసుకుని, కళ్లు మూసుకుని ఊదాడు.