మూడో గ్లాసు బియ్యం

గాజువాకలో అందరి ఇళ్లలోలాగే మౌనిక ఇంట్లోనూ బియ్యం కొలిచేది ఇంటి డేటాబేసే. రోజూ పొద్దున్నే అది రేషన్ షాపునీ, ఆసుపత్రినీ తనంతట తానే అడుగుతుంది. వచ్చిన జవాబుల్లోంచి తనకు కావలసిన ముక్క ఏరుకుని, ఎందరు తినాలో లెక్క కట్టి, డబ్బాలోంచి మనిషికో గ్లాసు బియ్యం వదులుతుంది. ఆసుపత్రిలో ఉన్న ఆమె మొగుడు పైడిరాజుకి కారేజీ కట్టేదీ ఆ బియ్యంతోనే.

ఆ పొద్దున డబ్బా రెండు గ్లాసులు పోసి ఆగిపోయింది. మౌనిక మీట మళ్లీ నొక్కింది. ఇంకో గింజ రాలలేదు.

"ఏటే, బియ్యం అంతేనా? ఆడికి కారేజీ కట్టవా?" అంది అత్త బంగారమ్మ, కూర తరుగుతూ.

"కడతానత్తా. డబ్బాకేదో అయినట్టుంది."

నిజంగానే డబ్బా చెడిపోయి ఉంటే బాగుండుననిపించింది మౌనికకి. కానీ అతనికి జ్వరం పెరిగిన రోజు అదే డబ్బా జావకని నూక పోసింది. తుఫానుకి ఆసుపత్రి నుంచి జవాబు రానప్పుడు పాత లెక్క ప్రకారం మూడు గ్లాసులూ పోసింది. ఇవాళ తగ్గించిందంటే జవాబు వచ్చిందన్నమాటే. ఆ జవాబు చదువుకోవడం వరకే దాని పని. మనుషులకి చెప్పడం దాని పని కాదు.

అన్నం ఉడికాక మౌనిక తన వంతు తీసి కారేజీలో సర్దింది. మూత పెట్టబోతుంటే గదిలో ఫోన్ మోగింది.

"ఆసుపత్రోళ్లేమో, చూడవే," అంది బంగారమ్మ.

"మోగనీ అత్తా. ముందు కారేజీ కట్టనీ."