తడిసిన మూల

రష్యా వాళ్ల సంగతులన్నీ చదవాలని వడ్రంగి భార్యకు తెగ ఆశగా ఉండేది. "లావు నవలలు తర్వాత. ముందు విజ్ఞాన సర్వస్వం తిరగెయ్యాలి," అనేది. రష్యా పేజీ దాకా వచ్చి, పోయిన చలికాలంలో కన్నుమూసింది.

ఆమె ఆపిన చోటు నుంచి తను చదువుదామని వడ్రంగి పొద్దుగూకాక లైబ్రరీకి వచ్చాడు. రష్యా పేజీ పైమూల తడిగా తగిలింది. ఆమె వేలు నాలిక్కి అద్దుకుని పేజీలు తిప్పేది.

"ఉమ్మితడి చేస్తోంది మీరేనా పెద్దాయనా?" అంది లైబ్రేరియన్.

"నేను కాదమ్మా," అన్నాడు సంబరంగా.

వ్యాసం చివర 'సమోవార్ చూడు' అని ఉంది. ఇంకో సంపుటం తీశాడు. సమోవార్ అంటే వాళ్లు టీకి నీళ్లు కాచుకునే పాత్రట. ఆ పేజీ మూలా తడే. ఆమె ముందు నడుస్తోంది, త్వరగా వెళ్తే అందుతుంది అనుకున్నాడు.

అక్కడ 'రైలు చూడు, పొయ్యి చూడు' అని రెండు దారులున్నాయి. వెళ్లిపోయిన మనిషి కదా అని రైలు తీశాడు. ఆ మూల పొడిగా ఉంది. వడ్రంగి మిగతా మూలలూ తడిమి చూశాడు.

"మూసేస్తున్నా, ఇక లేవండి!"

దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. అప్పుడు భార్య మాట గుర్తొచ్చింది. "రష్యాలో పెద్ద ఇటుక పొయ్యి కట్టి, దాని మీదే పడుకుంటారట. నాకూ అలాంటిదొకటి కట్టిపెట్టవయ్యా, చలి," అనేది. "నేను వడ్రంగిని, తాపీవాణ్ణి కాను," అని నవ్వేవాడు.

పొయ్యి పేజీ దొరికేసరికి చివరి దీపమూ ఆరింది. చీకట్లో మూల తడిమాడు.

తడిగా ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.