పదకొండుసార్లు నల్లబడింది

అయానిక ద్రవం అనే ఆ కరిగిన ఉప్పు నాలుగు వందల డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరదని పుస్తకాలు చెప్పేవి. పరిశోధన విద్యార్థిని రూలాన్ దాన్ని రెండు వందల దగ్గరే రోజంతా ఉంచి చూసింది. నల్లబడిపోయింది.

"నీ చేతులే శుభ్రంగా లేవు," అన్నాడు ప్రొఫెసర్ చ్యూ, ల్యాబులో అందరి ముందూ. "మళ్లీ చెయ్యి."

ఆమె పదకొండుసార్లు చేసింది. పదకొండుసార్లూ నల్లబడింది. చివరికి తన మీద తనకే నమ్మకం పోయి, డాక్టరేటు వదిలేసి, అదే ఊళ్లో, చైనాలోని లాన్జౌలో, మేనత్త నూడుల్స్ కొట్లో చేరింది.

ఏడాది తర్వాత చ్యూ ఆ కొట్టుకు వచ్చాడు. గిన్నె ఖాళీ చేసి, ఆమె ల్యాబులో వదిలేసిన పాత నోటుపుస్తకం సంచిలోంచి తీసి తెరిచాడు.

"ఇక్కడ అంకె చెరిగిపోయింది. ఎన్నో గంటకి నల్లబడిందమ్మా?"

"నా చేతులు శుభ్రంగా లేవన్నారుగా, గురువుగారూ."

"అలా అనకపోతే పదకొండుసార్లు చేసేదానివా? ఒక్కసారి చేసినదాన్ని ఏ సైన్సు పత్రిక వేసుకుంటుంది?"

రూలాన్ ఖాళీ గిన్నె తీసి పక్కన పెట్టింది. "నా పేరు వేస్తారా?" అంది.

"చదువు వదిలేసినవాళ్ల పేరు ఎలా వేస్తాం?" అతను కలం మూత తీశాడు. "ఎన్నో గంట?"

అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు.

"ఆరో గంటకి," అంది.