జోగమ్మ అక్కసు

“గంగరాజు కూతురా? ఆ పిల్ల పేరు నా కొట్టు ముందు ఎత్తకప్పా!” అంటూ చింతపండు కొట్టు జోగమ్మ తక్కెడని ఠపీమని కింద పెట్టింది.

ఆదిలక్ష్మమ్మకి ప్రాణం లేచివచ్చింది. పొద్దున్నే భీమిలిలో బస్సెక్కి పూర్ణా మార్కెట్టుకి వచ్చింది ఇలాంటి మనిషి కోసమే. సంబంధం గురించి అయినవాళ్ళని అడిగితే పొగుడుతారనీ, పడనివాళ్ళని అడిగితేనే గుట్టు బయటపడుతుందనీ ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే వచ్చిన సంబంధాలన్నీ తిరగ్గొట్టింది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట వెల్డరుగా చేస్తున్న కొడుకు జగ్గారావుకి ముప్ఫై దాటాయి. “గంగరాజుగారమ్మాయి గౌరీశ్వరి నాకు నచ్చిందమ్మా. ఇది కూడా తిప్పేత్తే ఇంక నా పెళ్ళి మాటెత్తకు” అని వాడు నిన్న తెగేసి చెప్పాడు.

పెళ్ళిళ్ళ పేరయ్య ఎల్లారావూ విసిగిపోయాడు. “మంచి సెప్తే మీరు నమ్మరు. ఆ జోగమ్మనడగండి. గంగరాజు ఇంటి సంగతి ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెల్దు” అని కొట్టు చూపించి తప్పుకున్నాడు.

“ఆ పిల్లంటే అంత కోపమేటి నీకు?” అంది ఆదిలక్ష్మమ్మ.

“కోపం కాక? నాయనమ్మ మంచమెక్కితే ఒక్కరిని సెయ్యెయ్యనిచ్చిందా? అన్నీ నానే సేత్తానంది! ఊరంతా శభాషనాలని కాదేటి?”

“ఇంకా?”

“పది మాటలన్నా తిరిగి ఒక్క మాటనదు. నవ్వుతాది. ఎలగ దెబ్బలాడాల దాంతోటి?”

“వంటొచ్చా?”

“అదే కదప్పా మంట! అది సేపల పులుసెడితే వీధంతా గిన్నెలట్టుకొత్తాది. నా పులుసు కుక్క ముట్టదు.”

ఆదిలక్ష్మమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. ఇది కోపం కాదు. కోపం రావాలంటే ఎదుటివాళ్ళలో తప్పొకటి ఉండాలి. వెతికి వెతికి తప్పు దొరక్కపోతే కడుపులో రగిలేదే అక్కసు. పడనివాళ్ళకే తప్పు దొరకలేదంటే ఇంక కావలసిందేముంది!

“నీది ఒట్టి అక్కసు, జోగమ్మా!” అనేసింది పైకే.

“అక్కసే! దాన్ని కోడలు సేసుకునేవోళ్ళని సూత్తే మరీ అక్కసు!” జోగమ్మ మొహం తిప్పేసుకుని తక్కెడ అందుకుంది. పాపం, ఎంత మంటో అనుకుని ఆదిలక్ష్మమ్మ బేరమాడకుండా చింతపండు కొనుక్కుని బస్సెక్కింది.

ఆ శుక్రవారమే కొడుకునీ ఎల్లారావునీ వెంటేసుకుని పెళ్ళిచూపులకి బయల్దేరింది. దారి పొడవునా జోగమ్మ ముచ్చటే.

“పెళ్ళికి ఆ మనిషిని మాత్రం పిలవకండర్రా. దిష్టి తగుల్తాది,” అంది.

ఎల్లారావు దగ్గొచ్చినట్టు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

గంగరాజు ఎదురొచ్చి కుర్చీలు వేశాడు. “ఏమే, అమ్మాయిని తీసుకురా,” అని లోపలికి కేకేశాడు. గౌరీశ్వరి తల వంచుకుని వచ్చింది. ఎంత ముద్దుగా ఉందో అనుకుంటూ ఆదిలక్ష్మమ్మ ఆ పిల్ల పక్కనున్న తల్లి వైపు చూసింది.

జోగమ్మ నమస్కారం పెట్టింది.