బ్రోకరు వేషం

"వీడేనక్కా, ఆడపిల్లలను బొంబాయిలో అమ్మేటోడు వీడే" అంటూ భద్రమ్మ గిరి చొక్కా పట్టుకుంది.

తాడిపత్రి బస్టాండులో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా మూగారు. గిరి పక్కనే బట్టల మూట పట్టుకుని పద్నాలుగేళ్ల చెన్నమ్మ నిలబడి ఉంది.

"నేను బ్రోకర్ను కాదమ్మా. మీ వీధిలో టీవీ పెట్టి చూపిచ్చినారే, ఆ సినిమాలో వేషం వేసినా, అంతే."

"వేషమా? ఆ బిడ్డను తీస్కపోయి అమ్మలేదా నువ్వు? మా కండ్లతో మేం చూసినాం."

కరువు పల్లెల ఆడపిల్లలు మోసపోకూడదని తీసిన డాక్యుమెంటరీ అది. వేషం పండితే చప్పట్లు కొడతారంటారు. వీళ్లు చెప్పులు తీస్తున్నారు.

"ఈ పిల్లను యాడికి తీస్కపోతాండావు?"

"యాడికికే."

అతను చెప్పింది ఊరి పేరే. కోపంలో ఉన్న భద్రమ్మకు మాత్రం వెక్కిరింతలా వినిపించింది. లాగి చెంప మీద ఒకటి ఇచ్చింది.

"ఎగతాళా? మళ్లా అడుగుతాండా. యాడికి?"

"యాడికి ఊరికేనమ్మా... ఆడ హాస్టల్లో చేర్పించనీక..."

వెనకాల ఎవరో రాయి అందుకున్నారు. ఈ రోజుతో తన పని అయిపోయిందనుకున్నాడు గిరి.

"మా నాయనే పంపినాడక్కా" అని చెన్నమ్మ గొణిగింది. ఎవరూ వినిపించుకోలేదు.

అంతలో జనాన్ని తోసుకుంటూ జ్యోతిలక్ష్మి వచ్చింది. ఆడపిల్లల కోసం పనిచేసే సంఘం తరఫున ఆ సినిమా తీసింది ఆమే. పక్క వీధిలో ఆట వేయడానికి వచ్చి, గోల విని పరుగెత్తుకొచ్చింది.

"వదలండక్కా, గిరన్న మా మనిషి. బ్రోకర్లు పిల్లలను ఎట్ల నమ్మిస్తారో మాకేం తెలుసు? సినిమాలో ఆ మాటలన్నీ అన్ననే సొంతంగా చెప్పినాడు. యాడికిలో మా హాస్టలుండాది. చేర్పిస్తానంటే అడ్డం పడొద్దండి."

భద్రమ్మ సిగ్గుపడిపోయింది. కొట్టిన చేత్తోనే అతని చొక్కా సర్దింది.

"తప్పు పట్టుకోవద్దప్పా. ఆడపిల్ల కదా, భయం."

యాడికి మీదుగా పోయే బస్సు రాగానే ఆమే దగ్గరుండి ఇద్దరినీ ఎక్కించింది. "అన్న చెయ్యి ఇడిసిపెట్టొద్దు పాపా" అని చెన్నమ్మకు బుద్ధి చెప్పి దిగింది.

బస్సు ఊరు దాటింది. కండక్టరు దగ్గరికి రాగానే గిరి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"రెండు గుంతకల్లు ఇయ్యన్నా. బొంబాయి రైలు అందుతుందా?"